గోళ్ళలో మడ్డి

నందిగామ సైకిలు షాపులో పనిచేసే ఆశీర్వాదానికి ఒకచోట కుదురుగా కూర్చోవడం పుట్టుకతోనే రాలేదు. ఊరికే ఉండమంటే చేతులు ఏదో ఒకటి విప్పేస్తాయి. గోడగడియారమైనా సరే, తలుపు గొళ్ళెమైనా సరే. అలాంటి మనిషికి పెళ్ళయిన కొద్ది నెలలకే భార్య జయమణికి టీచరు ఉద్యోగం వచ్చింది. ఇక అతని ఆరాటం చూడాలి!

ఉద్యోగం వీరులపాడు బడిలో. సోమవారం పొద్దున్నే చేరాలి. అది యాభై ఎనిమిదో సంవత్సరం. బడి వేళకు అటు బస్సు లేదు. రోజూ నడిచి వెళ్ళి నడిచి రాగల దూరమూ కాదు, అక్కడ ఉండడానికి తెలిసిన ఇల్లూ లేదు. సైకిలుంటే సరే, లేకపోతే ఉద్యోగం వదులుకోవలసిందే. ట్రైనింగు రోజుల్లో హాస్టలు ఆవరణలో జయమణి సైకిలు తొక్కడం నేర్చుకుంది. జగ్గయ్యపేటలో ఎవరో దొరసాని వదిలిపోయిన ఆడవాళ్ళ సైకిలు పశువుల కొట్టంలో పడి ఉందని తెలిసి, ఆశీర్వాదం అడిగి తెచ్చుకున్నాడు. బస్సు టాపు మీద ఎక్కించిన దాన్ని చూసి కండక్టరు, "పాతినుప సామానా?" అన్నాడు. ఆశీర్వాదానికి ఒళ్ళు మండింది.

కండక్టరు అన్నదాంట్లో తప్పేమీ లేదు. చక్రం నడిమి హబ్బు మీద మడ్డి బెల్లపు పాకంలా గట్టిపడింది. చైను కర్రలా బిగుసుకుంది. ఆశీర్వాదం అన్నీ విప్పి పెరట్లో గోనెపట్టా మీద పరిచాడు. వెదురుబద్దతో మడ్డి గీకాడు, కిరసనాయిల్లో నానబెట్టాడు, కొబ్బరిపీచుతో రుద్దాడు, చాకలిసోడా కలిపిన వేణ్ణీళ్ళతో కడిగి ఎండలో ఆరబెట్టాడు. శుక్రవారానికి చక్రాలు తళతళలాడాయి. శనివారం మళ్ళీ విప్పాడు.

"గ్రీజులో ఇసుక పడిందేమోనే" అన్నాడు జయమణితో.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకురా? తొక్కేది అది, ఉలికిపడేది నువ్వు" అంది తల్లి ఆదెమ్మ.

ఇసుక మీద బెంగ కాదది. సైకిలు తయారైతే జయమణి వెళ్తుంది. అక్కడ ఇస్త్రీ చొక్కాల మేష్టర్లుంటారు, ఇంగ్లీషు పేపరు చదువుతారు. సాయంత్రం ఇంటికొచ్చి తన చేతులు చూస్తుంది. పెళ్ళయినప్పటి నుంచి అతను అన్నానికి కూర్చునే ముందు గోళ్ళను చర్మం లేచేలా రుద్దుకుంటున్నాడు. మడ్డి మాత్రం పోదు. ఆమె ఏనాడూ ఒక్క మాటనలేదు. ఆ అనకపోవడమే అతన్ని తినేస్తోంది.

ఆదివారం వెనక చక్రం హబ్బులో తిరిగే చిన్న ఉక్కుగుళ్ళను, బాల్సును, బేసినులో కిరసనాయిలు పోసి నానబెట్టి, ఇద్దరూ ఆరాధనకు వెళ్ళారు. మోకాళ్ళ నొప్పితో ఆదెమ్మ ఇంట్లోనే ఉంది. పాస్టరుగారు ఏం చెప్పారో ఆశీర్వాదం చెవికెక్కలేదు. తిరిగొచ్చేసరికి బేసిను కడిగి బోర్లించి ఉంది.

"అమ్మా, ఇందులో కిరసనాయిలు ఏది?"

"ఇంకేం చేస్తా? చెదలకి పోశా."

ఆమె తప్పు కాదు. నల్లబడ్డ కిరసనాయిలు పారబొయ్యడం ఆ ఇంట్లో లేదు. గోడవార చెదలకు పొయ్యమని తల్లికిచ్చే అలవాటు అతనిదే. ఆ నలుపులో అడుగున బాల్సున్నాయని ఆమెకెలా తెలుస్తుంది? షాపు యజమాని తాళం వేసుకుని బెజవాడ వెళ్ళాడు. కొత్త బాల్సు దొరికే దారి లేదు.

ఆశీర్వాదం నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. కానీ గుండెలో ఏదో బరువు దిగినట్టయింది. తన తప్పు లేకుండానే జయమణి ప్రయాణం ఆగిపోయింది. ఆ సంతోషం చూసుకుని వెంటనే అతనికి తన మీద తనకే అసహ్యమేసింది.

జయమణి వంటింట్లోంచి జల్లెడ తెచ్చింది. గోడవార మట్టి తవ్వి, మంచి చీరతోనే కూర్చుని జల్లించసాగింది. చెదపురుగులతో పాటు ఒక్కొక్కటే బాల్సు తేలాయి. ఆదెమ్మ వాటిని కొంగుతో తుడిచి బేసినులో వేసింది. ఎంత జల్లించినా ఆఖరుకి ఒకటి తక్కువే.

జయమణి మొహం చిన్నబోయింది. "ఏమండీ, ఒకటి తక్కువైతే నడవదా?"

నడవదంటే చాలు. ఊళ్ళో ఎవరూ కాదనరు, ఆమె నమ్ముతుంది. ఆశీర్వాదం గోనెపట్టా చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మట్టికొట్టుకుపోయిన ఆమె చీర అంచు కనబడింది.

"నడుస్తది" అన్నాడు. "గ్రీజు దండిగా పెడితే ఒకటి లేకపోయినా నడుస్తది."

పొద్దుగూకేలోగా సైకిలు నిలబడింది.

సోమవారం అతను షాపులో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. పంక్చరు వేసిన ట్యూబుకే మళ్ళీ వేశాడు. మధ్యాహ్నం ఒక సంగతి తట్టి చల్లబడిపోయాడు. మడ్డి పోయిన పాత చైను వదులవుతుంది, చక్రం వెనక్కి లాగి బిగించాలి. బాల్సు గొడవలో పడి ఆ పని మరిచాడు! ఎక్కడ చైను ఊడిందో, ఎవరు నవ్వారో, ఇక ఆ సైకిలెక్కుతుందో లేదో.

సాయంత్రం ఇంటి ముందు నిలబడి దారి చూస్తుంటే జయమణి తొక్కుకుంటూనే వచ్చింది. మొహం చెమటతో నిగనిగలాడుతోంది.

"చైను ఊడిందా?" అన్నాడు ఎదురెళ్ళి.

"రెండుసార్లు. నేనే ఎక్కించుకున్నా." రెండు చేతులూ చాపింది. మణికట్టు దాకా నలుపు. "బళ్ళో సబ్బుతో ఎంత రుద్దినా పోలేదండీ. మీరు దేంతో కడుగుతారు?"

అతను బేసినులో కిరసనాయిలు పోసి ఆమె చేతులు ముంచాడు. బూడిద వేసి రుద్దాడు. చేతులు తెల్లబడ్డాయి.

"మరి గోళ్ళలోది?"

"అది పోదు" అన్నాడు తల వంచుకుని.

"పోకపోతే మానె. పిల్లలకి అక్షరాలు దిద్దించడానికి ఇదేం అడ్డం? పొద్దున వెళ్ళేలోపు చైను బిగించండి."

ఆదెమ్మ అన్నానికి పిలిచింది. ఆ పూట ఆశీర్వాదం గోళ్ళు రుద్దుకోకుండానే జయమణి పక్కన కూర్చుని, లేవకుండా కడుపునిండా తిన్నాడు.