మా వీధి ఎండ ఎవరిది

ఆ రోజుల్లో నాకున్న ధైర్యం తలచుకుంటే ఇప్పుడు భయం వేస్తుంది. ఇరవై రెండేళ్ళు. లోకాన్ని బాగుచేయడానికి కావలసిన సరంజామా అంతా నా దగ్గర ఉందని నా నమ్మకం: ఒక డిప్లొమా, భుజాన గుడ్డసంచి, గుడియాత్తం నుంచి వేలూరుకు నెలవారీ బస్సు పాసు. ఇక లోకం ఒప్పుకోవడమే మిగిలింది. అది ఎందుకు ఆలస్యం చేస్తోందో మాత్రం నాకు అర్థమయ్యేది కాదు.

నేను పనిచేసే చోటు వేలూరులోని బాగాయంలో ఒక ఇంటి మేడ మీద రెండు గదులు. డీజిలు, కిరసనాయిలు వాడకం తగ్గించుకోండి, నెత్తిన మండే ఎండతోనే కరెంటు చేసుకోండి అని వీధివీధికీ వెళ్ళి చెప్పే చిన్న సంఘం మాది. దాన్ని నడిపే పెద్దాయనను మేమంతా చాటున 'ఎండ సారు' అనేవాళ్ళం. మా వైపు ఎండను తిట్టని మనిషి ఉండడు. ఆయన ఒక్కడే మిట్టమధ్యాహ్నం కిటికీ తెరిచి, ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు దానివంక సంతోషంగా చూసేవాడు. ఉద్యోగంలో చేరిన మూడో వారం నన్ను పిలిచి, "ఊరికి చెప్పడం తర్వాతమ్మా, ముందు మీ వీధిలో చేసి చూపించు" అన్నాడు తమిళంలో. ఆ మాట వినగానే వేరే వీధి ఏదైనా ఇవ్వమని అడుగుదామనుకున్నాను. ఎందుకంటే మా వీధిలో డీజిలంటే మా మామ.

మాది నేతపనివాళ్ళ వీధి. మధ్యలో ఎనిమిది మగ్గాలున్న ఉమ్మడి షెడ్డు, దాని మీద సిమెంటు మిద్దె, మా మాటలో మొట్టమాడి. మగ్గానికి కరెంటు అక్కర్లేదు గానీ, కండెలకు నూలు చుట్టే మోటారుకు కావాలి, లైట్లకూ ఫ్యాన్లకూ కావాలి. అప్పట్లో మా జిల్లాలో కరెంటు రావడం కంటే పోవడమే నమ్మకంగా జరిగేది. మా మామ (అమ్మకు తమ్ముడు) ఇళ్ళు కట్టే మేస్త్రీ. కాంక్రీటు పనికోసం కొన్న జనరేటరు నుంచి షెడ్డుకు ఒక వైరు లాగిపెట్టాడు. కరెంటు పోగానే షెడ్డులోంచి "మామా!" అని ఒక కేక, ఆ వెంటనే వీధంతా దడదడ. వయసుతో, వరసతో పనిలేకుండా వీధి వీధంతా ఆయన్ను మామా అనే పిలిచేది. ఆ కేక వినపడగానే అన్నం ముందు నుంచి కూడా లేచి వెళ్ళేవాడు. శుక్రవారం వస్తే జనరేటరుకు కుంకుమ బొట్టు పెట్టేవాడు. (మా అత్తకు పూలు తేవడం మరిచిన వారాలు ఉన్నాయి గానీ, దానికి బొట్టు మరిచిన వారం లేదు.) చిక్కల్లా దాని పొగతో వచ్చింది. పొగ గొట్టాన్ని ఎన్ని దిక్కులకు తిప్పినా ఆ పొగ నేరుగా షెడ్డు కిటికీలోకే వచ్చేది. తెల్ల నూలు మీద మసి, కిటికీ పక్క మగ్గంలో కూర్చునే మా అవ్వ గొంతులో దగ్గు. అవ్వ మామకు కన్నతల్లి. "నా కొడుకు మంచోడేమ్మే, వాని మిషినే బీడీలు తాగే మొగుని మాదిరి ఉండాది" అనేది దగ్గుల మధ్య. నాకు సైకిలు నేర్పింది ఆ మామే. కాట్పాడిలో నన్ను చదువులో చేర్చేటప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా సర్టిఫికెట్లు గుండెకు హత్తుకొని వరసలో నిలబడిందీ ఆ మామే. ఆ చదువుతోనే ఆయన జనరేటరు ఆపడానికి బయలుదేరాను నేను.

"మీరంతా తెలుగువాళ్ళు గదా, నోటీసు తెలుగులో వేయించు" అని ఎండ సారు సలహా. చిత్తూరు దాకా వెళ్ళి, అక్కడి ప్రెస్సులో ఒక పెద్దమనిషి చేత రాయించి, రెండు కట్టలు అచ్చువేయించుకొచ్చి ఇంటింటికీ పంచాను. అందరూ తీసుకున్నారు, అటు తిప్పి ఇటు తిప్పి చూశారు, మర్యాదగా మడిచి పెట్టుకున్నారు. మేం మాట్లాడేది తెలుగే గానీ మా వీధిలో అందరి చదువూ తమిళంలో. తెలుగు అక్షరం ఎవరికీ రాదు. నాకూ రాదు. (ఇప్పుడు ఇలా రాస్తున్నానంటే, ఆనాటి సిగ్గే నాకు పలకా బలపం కొనిచ్చింది.) షెడ్డులో పెట్టిన మొదటి మీటింగులో, ఆ పెద్దమనిషి చేతనే చదివించుకొని తమిళ అక్షరాల్లో రాసి తెచ్చుకున్న వాక్యాలను చదివాను. తమిళంలో త, ద, ధ అన్నిటికీ ఒకటే అక్షరం కాబట్టి, సగం దూరం వెళ్ళేసరికి ఏది ఏదో నాకే తెలియలేదు. "సౌరశక్తి అక్షయమైనది, ఇంతనములపై ఆతారపడుట..." అంటూ చెమటలు కక్కుతూ పూర్తిచేశాను. ముందు వరసలో చేతులు జోడించి కూర్చున్న అవ్వ, "ఏ సామి మంత్రంమే అది? బాగుండాది" అంది. వెనక నుంచి మామ లేచాడు. "మంత్రం గాదుమా, ఇంక కరెంటు పోతే నన్ను పిలవద్దండి అని చెప్తాంది పాప" అన్నాడు నవ్వుతూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, మామ నవ్వు నోటి దగ్గరే ఆగిపోయిందని చూశాను.

తర్వాతి ఆదివారం టేపు, సుద్దముక్క పట్టుకొని షెడ్డు మిద్దె ఎక్కాను, సోలార్ పలకలు ఎక్కడ పెట్టాలో గీతలు గీయడానికి. ఎండ ఎవరి సొత్తూ కాదు, అందరికీ ఊరికే వచ్చేది అని నేను ఊరంతా చెప్పుకు తిరుగుతున్న కాలం అది. మొదటి గీత గీశానో లేదో, మెట్ల మీద గాజుల చప్పుడు.

"యాడమే గీస్తాండావు? అది నా తావు" అంది రంగుల అత్త. నూలుకు రంగులు అద్దేది ఆమే. "మా అత్త ఈడనే ఆరేసింది, నేనూ ఈడనే ఆరేస్తాండా" అని దండేల కట్టెలు చూపించింది. ఆమె వెనక ఇంకొకరు. ఆ పక్కది మిరపకాయల ఎండ. ఈ పక్కది చింతపండు ఎండ. గోడ వారన ఉన్నది దిండ్లలోని దూది ఆరబెట్టే ఎండ. మూలనున్నది శనివారం నూనె రాసుకొని కూర్చునే ఒక తాత ఎండ. మా వీధిలో ఎండకు ఇందరు హక్కుదారులున్నారనీ, అది తరతరాలుగా పంపకమై ఉందనీ అప్పటిదాకా నాకు తెలియదు. పట్టువదలకుండా ఒక పెద్ద అట్ట మీద 'ఎండ టైంటేబుల్' తయారుచేసి మెట్ల దగ్గర తగిలించాను. ఎవరు ఏ వేళ ఎంత ఎండ వాడుకోవాలో గళ్ళు గీసి మరీ రాశాను. (ఈసారి తమిళంలో. అందరూ చదివారు. అందరూ నాతో పోట్లాటకు వచ్చారు.) మూడు వారాల రాయబారాల తర్వాత నీళ్ళ ట్యాంకు పక్కన ఒక మూల నాకు దక్కింది. బాగాయం నుంచి రెండు పలకలు, ఒక బ్యాటరీ నమూనాకని తెచ్చి బిగించారు. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం, సరిగ్గా కరెంటు పోయే వేళకు, వీధంతా చూస్తుండగా సోలార్‌తో ఫ్యాను తిప్పి చూపిస్తానని ప్రకటించాను. ఎండ సారే స్వయంగా వస్తానన్నాడు.

ఆ వారమంతా నేను ఏడింటి బస్సుకు వెళ్ళేముందు ఒకసారి, సాయంత్రం తిరిగొచ్చాక ఒకసారి మిద్దె ఎక్కి పలకలను చూసుకునేదాన్ని. అద్దాల్లా మెరిసేవి. ఒకటే వింత, వాటిమీద చీమలు. బారులు బారులుగా చీమలు. నేను ఆలోచించి ఆలోచించి, పలకల వెచ్చదనానికి చీమలు ఆకర్షితమవుతున్నాయనీ, దీన్ని ఇంకా లోతుగా పరిశీలించాలనీ ఆఫీసుకు రిపోర్టు రాశాను. (ఆ కాగితం ఇప్పటికీ అక్కడి ఫైల్లో ఉంది. కొత్తగా చేరిన వాళ్ళకు చూపిస్తారట.)

శుక్రవారం పొద్దున వేలూరు వెళ్ళి, మధ్యాహ్నానికి ఎండ సారును వెంటబెట్టుకొని వచ్చాను. షెడ్డు నిండా జనం. మగ్గాలు ఆపేసి మరీ కూర్చున్నారు. మామ గుమ్మం దగ్గర చేతులు కట్టుకొని నిలబడ్డాడు. అనుకున్న వేళకు కరెంటు పోయింది. (అది ఎప్పుడూ మాట తప్పేది కాదు.) నేను స్విచ్చి వేశాను. ఫ్యాను కాసేపు ఆలోచించింది. అర చుట్టు తిరిగింది. ఆగిపోయింది. లైటు మిణుగురు పురుగులా ఒకసారి మెరిసి ఆరిపోయింది. షెడ్డులో గాలి లేదు. "ఎన్నమ్మా ఇదు?" అన్నాడు ఎండ సారు నెమ్మదిగా, ఏమిటమ్మా ఇది అని. నేను మెట్లవైపు పరుగెత్తాను, ఆయన నా వెనకే.

పైన మా అవ్వ. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో కాకుల కోసం కర్ర. ఆమె పాత చీర రెండు ముక్కలు నా రెండు పలకల మీదా నీటుగా పరిచి ఉన్నాయి. వాటి మీద వరసలు వరసలుగా, మగ్గం మీద పోగులంత క్రమంగా, బూడిద గుమ్మడికాయ వడియాలు. రోజూ నేను బస్సెక్కాక పెట్టి, బస్సు దిగేలోగా ఎత్తేస్తోందన్నమాట.

"అవ్వా!" అన్నాను.

"ఏమ్మే, అట్ల చూస్తాండావు? నువ్వే గదా చెప్పినావు, ఈ పలక మీద పడిన ఎండ రవ్వంత గూడా వేస్టు పోదని" అంది అవ్వ. "నిజమేమ్మే. నల్లగా, నున్నగా, వాలుగా ఉండాది. మూడు దినాల్లో ఎండేవి ఒక్క దినంలో ఎండతాండాయి." తర్వాత ఎండ సారు వైపు తిరిగి, "మంచి సామాను జేసినావు నాయనా, నూరేండ్లు సల్లగా ఉండు" అని దీవించింది.

ఎండ సారు నీళ్ళ ట్యాంకు గట్టు మీద కూలబడి, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వాడు. నేనూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను గానీ నవ్వి కాదు. ఇంతలో కింద చెమట పట్టిన జనం "మామా! మామా!" అని కేకలు మొదలుపెట్టారు. మామ మెట్లెక్కి వచ్చి మా ముందు నిలబడి ఉన్నాడు. ఆ కేక విని కూడా ఆయన కదలకపోవడం నేను చూడ్డం అదే మొదటిసారి. పలకలను చూశాడు, వాళ్ళమ్మను చూశాడు, చీర చెంగుతో ముక్కు తుడుచుకుంటున్న నన్ను చూశాడు. ఆఖరికి రంగుల అత్త దండేల మీద కప్పి ఉన్న చిరుగుల టార్పాలిను వైపు చూసి, "అదెందుకక్కా ఆడ?" అని అడిగాడు, పైకెక్కి వచ్చిన ఆమెను.

"రంగు నూలు ఎండలో ఆరేస్తే ఎలిసిపోతాదప్పా. నీడ గావాల" అంది ఆమె.

మూడు వారాలు నేను ఆమెతో ఎండ కోసం పోట్లాడాను. ఆమెకు కావలసింది నీడట! ఒక్కసారైనా ఎందుకని అడగలేదు నేను. టైంటేబుల్లో ఆమెకు రెండు గంటల ఎండ కూడా రాసిచ్చాను.

మామ తల పంకించాడు. "అట్లయితే మనిషెత్తు ఇనప స్టాండు కడతా. పైన పాప పలకలు, కింద నీ నూలు. మిగిలిన మొట్టమాడంతా ఎవురి ఎండ వాళ్ళకు." అని, వాళ్ళమ్మతో, "నువ్వు మాత్రం ఆ పలకల జోలికి పోవద్దుమా, నీకు దణ్ణం పెడతా" అన్నాడు. అవ్వ దగ్గుతూ, "స్టాండు మీదికి నేనేడ ఎక్కేదిరా, నాకేమన్నా పదహారేండ్లా?" అంది. ఆ తర్వాతే మామ కిందికి వెళ్ళి జనరేటరు వేశాడు.

మామ అన్నమాట ప్రకారం స్టాండు కట్టాడు. పనిలేని రోజుల్లో, తనే ఎండలో నిలబడి. దాన్ని వెల్డింగు చేసింది జనరేటరు కరెంటుతోనే. (ఈ సంగతి నేను రిపోర్టులో రాయలేదు.) ఆ నీడ చూశాక రంగుల అత్త నా తరఫున ఇంటింటికీ తిరిగి మాట్లాడింది, నా నోటీసులో ఒక్క మాట కూడా వాడకుండా, పది నిమిషాల్లో ఒక్కో ఇంటిని ఒప్పిస్తూ. కొన్ని నెలలకు షెడ్డుకు సరిపడా పలకలు, బ్యాటరీలు వచ్చి కూర్చున్నాయి.

అవి పనిచేయడం మొదలైన తర్వాత మొదటిసారి కరెంటు పోయిన మధ్యాహ్నం నేను సెలవుపెట్టి ఇంట్లో ఉన్నాను. మిక్సీ ఆగింది. పక్కింటి టీవీ ఆగింది. "మామా!" అన్న కేక కోసం చెవులు అవే ఎదురుచూశాయి. కేక రాలేదు. షెడ్డుకు పరుగెత్తాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మోటారు కండెలు చుడుతోంది, అవ్వ తలెత్తకుండా నేస్తోంది. కరెంటు పోయిందని అక్కడ ఎవరికీ తెలియనే తెలియదు! నేను వీధి మధ్యలోకి వచ్చి, "కరెంటు పోయిందోయ్! పోయింది, పోయింది!" అని రెండు చేతులూ పైకెత్తి ఎగిరాను. జనం గుమ్మాల్లోకి వచ్చి, నాకు ఎండదెబ్బ తగిలిందేమోనని చూశారు. మామ అలవాటు కొద్దీ లుంగీ ఎగగట్టుకుంటూ బయటికి వచ్చి, జనరేటరు మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. టీవీ లేదు, మిక్సీ లేదు, దడదడ లేదు. ఎనిమిది మగ్గాల చప్పుడు ఒక్కటే, వీధి ఈ చివర నుంచి ఆ చివరకు.

"కరెంటు పోతే మన వీధి ఇట్లుంటాదా?" అన్నాడు మామ. చాలాసేపు అక్కడే నిలబడి విన్నాడు. తర్వాత నా నెత్తిన ఒక మొట్టికాయ వేసి, "లోపలికి రా, అన్నం తిందాం" అన్నాడు.

ఇప్పుడు నేను ఏసీ హాళ్ళలో, మెత్తటి కుర్చీల్లో కూర్చున్న వాళ్ళకు ఎండతో కరెంటు చేసుకోండన్న ఆ మాటలే చెబుతుంటాను, ఎవరూ ఎదురు చెప్పరు. ఇప్పుడు కరెంటు పోయినా నాకూ తెలియదు, తెలిసినా తలెత్తి చూడను. చీమల మీద రిపోర్టులు రాసిన ఆ పిల్ల తెలివి చూసి నవ్వుకుంటాను గానీ, ఆ మధ్యాహ్నం అది వీధిలో ఎగిరిన ఎగురు మాత్రం ఆ తర్వాత ఎన్నడూ నా కాళ్ళకు రాలేదు.