పటాలం బండికి ఆముదం

పటాలానికి ఇక పనికిరావని వేలం వేసిన బండ్లు మూడు మా షావుకారు గారు కొన్నారు. ఒకప్పుడు ఫిరంగి సామాను మోసిన బండ్లు. చక్రం నా రొమ్ము ఎత్తు, ఇరుసు నా తొడంత లావు. ఒక్కో బండి వెనక ఒక వించి బిగించి ఉంది. రెండు పక్కలా పిడులు పట్టుకుని ఇద్దరు తిప్పితే మోకు చుట్టుకుంటూ ఎంత బరువునైనా లాగే ఇనప మర అది. "ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే మేస్త్రీ," అన్నారు షావుకారు గారు సంబరంగా. ఆయనకేం, కొన్నారు. చచ్చిన ఏనుగుల్ని నడిపించాల్సినవాణ్ణి నేను.

ధవళేశ్వరంలో కాలవ గట్టు మీద వారి కలప అడితి. గోదావరి మీద తెప్పలుగా వచ్చిన టేకు దుంగల్ని ఒడ్డుకు లాగి, ఆరబెట్టి, మళ్ళీ కాలవలో పడవలకు దించి కాకినాడ వైపు పంపేవారు. నేను అక్కడ కమ్మరం మేస్త్రిని. మిషను బడిలో నాలుగు అక్షరాలు, వర్కుషాపులో సుత్తి పట్టడం నేర్చుకుని వచ్చాను.

ఆ బండ్లు గుర్రాల కోసం చేసినవి. మన ఎడ్ల మెడకు కాడి అందదు. నొగలు పీకేసి, మద్దికర్రతో కొత్తవి చేయించి, ఒక జానెడు దించి బిగించాను. అంతటితో అయిందా అంటే కాలేదు. ఎండాకాలం చక్రాల కర్ర ఎండి ఇనప పట్టా వదులయ్యేది. దాన్ని ఊడదీసి, పిడకల మంటలో కాల్చి, ఎర్రగా ఉండగానే మళ్ళీ ఎక్కించి నీళ్ళు పొయ్యాలి. వానాకాలం ఇరుసు తుప్పు పట్టేది. ఈ రెంటి మధ్యా నాలుగు రోజులు ఊపిరి పీల్చుకుందామంటే మర చక్రానికి పన్ను ఊడేది. అది సీమ నుంచి వచ్చిన మర, కొత్త పన్ను ఎవరిస్తారు? ఊడినచోట గాడి తొలిచి, నేనే ఒకటి సాగగొట్టి దిగేసేవాణ్ణి. కందెన వెయ్యని బండికి కావలసినంత సంగీతం అంటారు. మా బండ్లు కందెన వేసినా పాడేవి. ఇంటికెళ్ళి పడుకున్నా ఆ కిర్రుమనే చప్పుడు చెవుల్లోనే ఉండేది.

దుంగను పైకి లాగడం అంత కష్టం కాదు, కిందికి దించడమే కష్టం. లాగేటప్పుడు పళ్ళచక్రంలో ఒక ఇనప నాలుక పడి, మర వెనక్కి తిరగకుండా ఆపుతుంది. దించేటప్పుడు ఆ నాలుకను ఎత్తెయ్యాలి. ఇక బరువంతా పిడులు పట్టుకున్నవాళ్ళ భుజాల మీదే. అందుకని నేనొక బ్రేకు చేశాను. మర ఇరుసుకున్న నున్నటి చక్రం చుట్టూ ఇనప పట్టీ, పట్టీ లోపల గేదె తోలు, దాన్ని బిగించడానికి పొడుగాటి మీట. మీట నొక్కితే తోలు చక్రాన్ని కరుచుకుంటుంది, దుంగ నెమ్మదిగా దిగుతుంది. తోలు పొడిగా ఉండాలి, అంతే. ఆ సంగతి నాకు తెలుసు. ఇంకెవరికీ చెప్పాలని తోచలేదు.

మీట దగ్గర ఒక పెద్దాయన్ని నిలబెట్టాను. అరవైకి దగ్గర పడ్డ మనిషి, అడితిలో అందరికన్నా పాత బండివాడు. నేను కొత్తగా చేరినప్పుడు దొర్లే దుంగకు ఏ పక్కన నిలబడాలో నేర్పింది ఆయనే. నా కాళ్ళు రెండూ ఇవాళ ఉన్నాయంటే ఆయన చలవే.

ఆ ఏడు దసరాకు ముందు వారమంతా తుప్పు పట్టిన ఇరుసులతోనే సరిపోయింది. తలప్రాణం తోకకొచ్చింది. ఆయుధపూజ నాడు నా సంచీ కోసమని అడితికి వెళ్ళాను. మాది లూథరన్ కుటుంబం. పూజ జరుగుతుంటే నేను లోపలికి వెళ్ళేవాణ్ణి కాదు. వాళ్ళూ రమ్మనేవారు కాదు, అరటిపళ్ళు ఇంటికి పంపేవారు. ఎవరికీ నొప్పి లేని ఏర్పాటు.

గేటు బయట నిలబడి చూశాను. పెద్దాయన బండ్లు కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టాడు. గిన్నెతో ఆముదం తెచ్చి తిరిగే ప్రతిదానికీ పట్టించాడు. ఆఖరికి బ్రేకు తోలుకు కూడా. ఆయన తెలివి ఆయనది. బావి నీళ్ళు తోడే తోలు బానకి ఆముదం పట్టించకపోతే పగిలిపోతుంది మరి. తోలు నిగనిగలాడుతోంది.

అప్పుడే చెప్పాల్సింది. లోపల హారతి ఇస్తున్నారు, షావుకారు గారి ఇంటిల్లిపాదీ ఉన్నారు. పూజ చేసినదాన్ని తుడిచెయ్యమని కిరస్తానీవాడు గేటులోంచి కేకెయ్యడం ఏం బాగుంటుంది? నిజం చెప్పాలంటే అదొక్కటే కాదు, నాకు ఓపిక లేదు. పొద్దున్నే వచ్చి గుడ్డతో తుడుద్దాంలే అనుకుని సంచీ మాట కూడా మరిచి ఇంటికొచ్చేశాను.

పొద్దున నేను వెళ్ళేసరికే పడవ వచ్చి ఉంది, మొదటి దుంగకు మోకు కడుతున్నారు. తోలు మీద బొట్టు ఇంకా చెదరలేదు. చుట్టూ పదిమంది. గుడ్డ నా చేతిలోనే ఉంది. ఒక చుట్టు తిరిగితే ఆ నూనె అదే పోతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆముదం అలా పోదని నాకంటే బాగా తెలిసినవాడు ఆ గట్టు మీద లేడు.

నాలుక ఎత్తారు. పెద్దాయన మీట నొక్కాడు. మర ఆగలేదు. ఆయన ఒళ్ళంతా మీట మీద వేశాడు, అయినా ఆగలేదు. దుంగ మీదికి వచ్చేస్తుంటే పడవలో వాళ్ళు నీళ్ళలోకి దూకేశారు. పెద్దాయన పక్కకు దూకాల్సింది పోయి, పాత అలవాటు కొద్దీ తిరుగుతున్న పిడిని పట్టుకోబోయాడు. కుడిచెయ్యి రెండుచోట్ల విరిగింది.

"ముసలాడయ్యాడు, మీట మీదే తూగుంటాడు. ఇక మాన్పించేద్దాం," అన్నారు షావుకారు గారు. నేను మింగలేక కక్కలేక నిలబడ్డాను. నాలుగో రోజు పెద్దాయన ఇంటికి వెళ్ళాను.

వెదురుబద్దల కట్టుతో అరుగు మీద కూర్చున్నాడు. "రా అబ్బాయ్," అన్నాడు. "చెయ్యిదేముంది, అతుక్కుంటది. నా పట్టే పోయిందిరా. మీట నొక్కానో లేదో నాకే తెలీట్లేదు. షావుకారు గారన్నది నిజమేనేమో."

ఆ మాట వినలేకపోయాను.

"నొక్కావు బాబాయ్. గట్టిగానే నొక్కావు. తోలుకి ఆముదం ఉంటే పట్టదు. పూజనాడే చూశాను."

"చూసి?"

"పూజ చేసింది కదా, తుడవమంటే బాగోదని..."

"బొట్టు మళ్ళీ పెట్టుకోవచ్చు కదండీ," అన్నాడు. "ఒక్క మాట చెప్తే నేనే తుడుచుకునేవాణ్ణి. నేను తుడవనని ఎలా అనుకున్నారు మేస్త్రి గారూ?"

అక్కణ్ణించి తిన్నగా షావుకారు గారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. నన్ను నానా మాటలూ అని, పెద్దాయన్ని మళ్ళీ పనిలోకి పిలిచారు. ఓపిక ఉన్నన్నాళ్ళూ ఎడమచేత్తో ఆ మీట పట్టాడు. నన్ను మాత్రం మళ్ళీ ఎప్పుడూ అబ్బాయ్ అనలేదు.