వంగిన కడుపు

మా పెద్దమ్మ ఎవరి మాటా ఒక పట్టాన ఒప్పుకునేది కాదు. కొంగు నడుముకు చుట్టి, "ఏదీ, సూడనీ" అని ముందుకొచ్చేది. గద్వాల చుట్టుపక్కల చేలల్లో కలుపు తీసే కూలీ ఆమె.

మనిషి తాగిన అంబలి కడుపులో ఎలా సుడి తిరిగి పేగులోకి జారుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడం నా చదువు. ఒకసారి తెర మీద ఆ మనిషి బొమ్మ ఆమెకు చూపించాను. కొంగు చుట్టింది.

"గీ మనిషి నిలవడ్డడా?"

"అవు పెద్దమ్మా. లెక్క సులువని నిలవెట్టిన."

"తిన్నంక నిలవడేటోళ్లు ఎవరు బిడ్డా? మేం అంబలి తాగి, మూతి తుడుసుకోని కలుపుల వంగుతం. మంట గొంతు దాంక వస్తది. దవాఖానల చెప్తే కారం తగ్గియ్యమంటరు. నీ మిషిన్ల గూడ మేం లేకపోతిమి. వంచు."

వంచాను. లెక్క తేలడానికి రెండు రోజులు పట్టింది. తెర మీద అంబలి వెనక్కి మళ్లి గొంతు వైపు ఎగదన్నింది. ఆమె దాని మీద వేలు పెట్టి, "గిది నా కడుపు" అంది.

ఆమె ఇప్పుడు లేదు. మొన్న మా సారు బొమ్మను నిటారుగా పెట్టమన్నారు, అందరూ అలాగే చేస్తారని. నేను చున్నీ నడుముకు చుట్టుకున్నాను.

"వంగి పనిచేసేటోళ్లకు గూడ కడుపుంటది సార్," అన్నాను.