పందిరికి కొమ్మలివ్వని చెట్టు

వార్త మొదట నాకు చేరవేసింది యేసుపాదం గారు. ఆదివారం అందరికంటే ముందు వెళ్లి మా చర్చి తలుపులు తీసేది ఆయనే. ఈ మే నెలలో ఒక ఉదయం ఇడ్లీ పిండి కలుపుతుంటే ఫోన్ చేశారు. "సిస్టర్, ఏం మాట్లాడకుండా ఒక్కసారి వినండి" అని ఫోను గాల్లోకి ఎత్తిపట్టారు. టక్ టక్ టక్. కాస్త ఆగి మళ్లీ టక్ టక్. "పిట్ట సిస్టర్. మన బర్చ్ చెట్టు మీద. కమిటీలో కొత్తవాళ్లు కూడా చూశారు. పిట్ట పొడుస్తోందంటే లోపల పురుగున్నట్టే, కొట్టించేద్దాం అంటున్నారు. మీరు తొందరగా రండి." చేతులు కడుక్కుని బయల్దేరాను. కెనడాలో మా ఎడ్మంటన్‌లో అప్పటికి మంచు కరిగిపోయింది కానీ చెట్లింకా ఆకు తొడగలేదు. దారి పొడవునా నా చెవిలో ఆ చప్పుడే. దాని వెనకాలే దీవెనమ్మ గారి గొంతు: "కంగారెందుకు పిల్లా? ముందు చూడు. పైనుంచి కిందికి చూడు."

మీలో ఎవరూ ఆవిడను చూసి ఉండరు. పొట్టి మనిషి. చీర మీద మగవాళ్ల చలికోటు, మెడలో తాడుకు కట్టిన భూతద్దం. చర్చికొచ్చినా అంగడికెళ్లినా అది ఉండాల్సిందే. నరసాపురం వైపు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి, ఇక్కడికొచ్చాక మొక్కల తెగుళ్లు పరీక్షించే ల్యాబ్‌లో రిటైరయ్యేదాకా పనిచేశారు. నేనేమో బడి గడప తొక్కని దాన్ని. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల అమ్మ నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి, ఒళ్లో బైబిలు పెట్టి అక్షరాలు నేర్పింది. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పేదాన్ని కాదు. ఆవిడకు మాత్రం ఎందుకో చెప్పేశాను. ఆవిడ వెంటనే, "అంటే నిన్నెవరూ పరీక్షలో ఫెయిల్ చెయ్యలేదన్నమాట. అదృష్టవంతురాలివి. భయం లేకుండా చూడొచ్చు" అన్నారు. అమ్మ తర్వాత నా చదువుకు సిగ్గుపడొద్దని చెప్పిన మనిషి ఆవిడే. అందుకు నేను దేవునికి ఇప్పటికీ స్తోత్రం చెప్పుకుంటాను.

మొదటి పాఠం మా పెరట్లోనే జరిగింది. మా ఇంటి వెనక చిన్న బర్చ్ ఉంది. తెల్లని మాను, సన్నగా వేలాడే కొమ్మలు. ఒక వేసవి దాని ఆకులన్నీ గోధుమరంగు మచ్చలతో మాడినట్టయ్యాయి. చెట్టు చచ్చిపోతోందని ఆవిడను లాక్కొచ్చాను. ఆవిడ ఒక ఆకు తెంపి, మచ్చ దగ్గర గోటితో చీల్చారు. ఆకు పూరీలా పొంగి రెండు పొరలుగా విడిపోయింది. మధ్యలో నూలుపోగంత పురుగు.

"వీడు ఆకు మధ్యలో పరుపేసుకుని తింటాడు. చూపుకి అసహ్యం, ప్రాణానికి ముప్పు లేదు. నీళ్లు సరిగ్గా పెట్టు, రాలినవి ఊడ్చెయ్. వచ్చే ఏడు మళ్లీ పచ్చగా ఉంటుంది."

"మందు కొట్టొద్దా ఆంటీ?"

"మొటిమకి ఆపరేషన్ చేయిస్తావా? మాడింది ఎక్కడో చూసి భయపడు. కింద ఆకులు మాడితే నవ్వుకో. తలకొమ్మ ఎండితే అప్పుడు నన్ను పిలువు."

తలకొమ్మ ఎండింది మా చర్చిలో. గేటుకి అటొకటి ఇటొకటి రెండు పెద్ద బర్చ్ చెట్లు ఉండేవి. మా వాళ్లు ఆ పాత భవనం కొనుక్కున్నప్పటికే అవి ఎదిగి ఉన్నాయి. జూన్‌లో మా సువార్త కూడికలు. కూడికలంటే మనకు పందిరి ఉండాలి కదా, గేటుకి పచ్చదనం ఉండాలి కదా. ఇక్కడ కొబ్బరి మట్టలెక్కడ దొరుకుతాయి? అందుకని సంఘంలో అన్నదమ్ములంతా నిచ్చెన వేసి ఏటా ఆ రెండు చెట్ల కొమ్మలే కోసి పందిరి కప్పేవారు. ఎంత అందంగా ఉండేదో! ఆ ఆకుల నీడలో కూర్చుని పాడుతుంటే గోదావరి గట్టు మీద ఉన్నట్టే ఉండేది. ఎవరికీ చెడ్డ తలంపు లేదు. దేవుని పనికే కోశారు.

ఒక జూలైలో దీవెనమ్మ గారు ఆరాధన అయ్యాక బయట నిలబడి తల ఎత్తి చూస్తూనే ఉండిపోయారు. చెట్ల చిటారు కొమ్మలు బోసిగా ఉన్నాయి. నన్ను పిలిచి మాను మీద చెయ్యి పెట్టించారు. బెరడు కింద నరాలు ఉబ్బినట్టు మెలికలు తిరిగిన గీతలు తగిలాయి. భూతద్దంలో చూస్తే ఒకవైపు చదునుగా, ఒకవైపు గుండ్రంగా ఉన్న చిన్న రంధ్రాలు, అచ్చం ఇంగ్లీషు డి అక్షరంలా. ఈలోగా యేసుపాదం గారొచ్చారు. అప్పట్లో కమిటీ పెద్ద ఆయనే. ఆవిడ ఆయన్ని అడిగారు:

"బ్రదర్, మీది వరి పండించిన కుటుంబమేగా. గింజ పట్టకుండా తెల్లకంకి ఎందుకొస్తుంది?"

"కాండం తొలుచు పురుగు సిస్టర్. చిన్నపిల్లాడు కూడా చెప్తాడు."

"ఇదీ ఆ సంగతే. ఇక్కడ తెల్లకంకి చెట్టు నెత్తిన ఉంది. లోపల తొలిచేస్తుంటే నీళ్లు పైకెక్కడం లేదు. పురుగు పెద్దదై రెక్కలొచ్చి ఎగిరేది సరిగ్గా జూన్‌లో. నీరసపడిన చెట్టు, గాయాలున్న చెట్టు దానికి పండగ. మనమేమో ఏటా అదే నెలలో గాయాలు చేసి, రమ్మని పిలిచి పందిరేశాం."

ఆయన మొహం కందగడ్డలా అయింది. కూడికల్లో పందిరి ఆయన చేతి పని.

కమిటీ మీటింగులో రెండు చెట్లూ కొట్టించాలన్నారు. యేసుపాదం గారు లేచి, "ఫలించని చెట్టుని నరికేయమని యజమాని అన్నాడు కదా" అని వాక్యం గుర్తు చేశారు. దీవెనమ్మ గారు కూర్చున్న చోటినుంచే, "కథ సగంలో ఆపుతారేం బ్రదర్? తోటమాలి ఏమన్నాడు? ఇంకో ఏడాది ఉండనివ్వండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు" అన్నారు. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "బర్చ్‌కి మాత్రం తవ్వొద్దు, వేళ్లు పైపైనే ఉంటాయి. ఎరువూ వద్దు. నీళ్లు పోద్దాం."

తర్వాత ఆవిడన్న మాటకి ఆడవాళ్లకి కూడా కోపమొచ్చింది. "ఎడమ చెట్టు తీసేయండి. సగానికి మించి చచ్చిపోయింది. దాన్ని ఉంచితే అందులో పురుగంతా వచ్చే వేసవికి కుడిదాని మీద పడుతుంది. కుడిది మాత్రం ముట్టుకుంటే ఊరుకోను." రెండూ కాపాడతారనుకున్నవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. రెండూ కొట్టించాలన్నవాళ్లు ఎలాగూ ఆవిడ వైపు లేరు. మధ్యలో ఒంటరిగా కూర్చుని ఆవిడ చక్కెర లేని టీ తాగారు. ఆ దృశ్యం నేను మరచిపోలేను. జాలి చూపించమని తన వైపువాళ్లే అడుగుతున్నప్పుడు కూడా, ఆవిడ చూసింది చూసినట్టే చెప్పారు.

ఆకులు రాలాక ఎడమ చెట్టు వెళ్లిపోయింది, వసంతానికి ముందే దాని కట్టె అంతా పొట్టు చేయించారు. కుడిదానికి గడ్డ కట్టే చలిలో, పురుగు ఎగరని కాలంలో, ఎండిన తల కోయించారు. అంతకుముందే, ఆకు పచ్చగా ఉండగా, లైసెన్సున్న మనిషిని పిలిపించి కాండంలోకి మందు ఎక్కించారు. "సెలైన్ లాంటిదే. బతికున్న కొమ్మకే ఎక్కుతుంది" అన్నారు దీవెనమ్మ గారు. వేళ్ల మీద చెక్కపొట్టు పరిచాం. మంచు పడేదాకా నేను పైపు పట్టుకుని నీళ్లు పెట్టాను. పైపైన చల్లితే కసిరేవారు: "అది రోజా కుండీ కాదు పిల్లా. నెమ్మదిగా, లోతుగా దిగనివ్వు."

తర్వాతి వసంతంలో ఆవిడ ఆసుపత్రి పాలయ్యారు. వీధిలో చెట్లన్నీ చిగురేస్తున్నా మా చెట్టు కదల్లేదు. ఓపిక నశించి కమిటీవాళ్లు శనివారానికి రంపాలవాళ్లను పిలిచారు. ఆ రోజు చర్చి వంటగదిలో నేను బిరియానీకి ఉల్లిపాయలు వేయించి దించి, పొయ్యి కట్టేసి, బయటికెళ్లి చెట్టుకి వీపు ఆనించి నిలబడ్డాను.

"సిస్టర్, మీరు లోపలికెళ్లండి. వంట చూసుకోండి" అన్నారు యేసుపాదం గారు.

"పొయ్యి కట్టేశాను బ్రదర్."

"ఇది కమిటీ తీర్మానం. చెట్టు చచ్చిపోయింది."

"ఎక్కడ చచ్చిందో చూపించండి. నేను పక్కకి జరుగుతాను."

మానుకి ఇంకాస్త ఆనుకున్నాను. ఆయన చేతికందే కొమ్మ ఒకటి వంచారు. పుటుక్కున విరుగుతుందనుకున్నారు. అది విల్లులా వంగి, వదిలితే మళ్లీ పైకి లేచింది. ఆయన దాన్ని దగ్గరికి లాక్కుని చివరి మొగ్గలు వేళ్లతో నలిపి చూశారు. లోపల తడి, పచ్చదనం. తర్వాత ఆయనే వెళ్లి రంపాలవాళ్లకి క్షమాపణ చెప్పి వెనక్కి పంపారు.

ఆ సంతోషంలో ఆయన చేసిన పని చెప్పాలి. మొగ్గలున్న కొమ్మ ఒకటి విరిచి ఆసుపత్రికి పట్టుకెళ్లారు. వెనకాలే నేనూ వెళ్లాను. దీవెనమ్మ గారు కళ్లు తెరిచి కొమ్మని చూశారు, గోటితో బెరడు గీరి పచ్చదనం చూశారు, ఆయన మొహం చూశారు.

"బ్రదర్, ఈ నెలలో కొమ్మ విరుస్తారా?"

ఆయన తల దించుకుని, "తప్పయింది సిస్టర్" అన్నారు. ఆవిడ నవ్వారు. ఆవిడ నోట నేను విన్న ఆఖరి మందలింపు అదే. చెట్టు ఆకు తొడిగిన వారంలోనే ఆవిడ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. భూతద్దం నాకిమ్మని ముందే చెప్పి ఉంచారు. అప్పటినుంచి మా పందిరికి కొమ్మలు లేవు. ఆడవాళ్ల పాత చీరలు కడతాం, ఆకుపచ్చవి గేటుకి.

ఇక మొన్నటి సంగతి. నేను చేరేసరికి కొత్త కమిటీవాళ్లు కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. "ఆంటీ, వుడ్‌పెకర్, అదే వడ్రంగిపిట్ట, వచ్చిందంటే తొలిచే బోరర్ పురుగు ఉన్నట్టే. నెట్‌లో చూశాం" అన్నాడొకతను. నేను ముందు చూశాను. పైనుంచి కిందికి చూశాను. తలకొమ్మల నిండా మొగ్గలు. మాను మీద చెయ్యి వేశాను, మెలిక గీతలు కొత్తవి లేవు. తర్వాత భూతద్దం పెట్టాను. రంధ్రాలు కుట్టుమిషను మీద కుట్టినట్టు అడ్డంగా వరసలు తీరి ఉన్నాయి, ప్రతిదాంట్లో తియ్యని నీరు ఊరుతోంది. పురుగు కోసం పొడిచే పిట్ట అయితే బెరడు అడ్డదిడ్డంగా పెచ్చులు లేపుతుంది. ఇది పురుగు కోసం రాలేదు.

"ఇది రసం తాగే పిట్ట బాబూ. చెట్టులో రసముంది కాబట్టే వచ్చింది. ఆ చోట గోనెపట్టా చుట్టండి, ఇంకో చోటికి పోతుంది. నీళ్లు పెట్టండి. నరకడం మాత్రం కుదరదు."

"మీరెక్కడ చదివారు ఆంటీ ఇదంతా?"

ఒకప్పుడైతే నేల చూసేదాన్ని. "నేను బడికి వెళ్లలేదు. ఈ చెట్టు కింద చదివాను" అన్నాను. యేసుపాదం గారు అప్పటికే గోనెపట్టా తెచ్చి నా పక్కన నిలబడ్డారు.

చనిపోయినవారి కోసం ప్రార్థన చేయమని మా సంఘంలో ఎవరూ అడగరు, నేనూ అడగను. ఒక్కటే అడుగుతాను. మీ వీధిలో గానీ, మీ ఇంట్లో గానీ, పని అయిపోయిందని అందరూ తేల్చేసినదేదైనా మీ ఎదుట ఉంటే, మీరూ ఔననేముందు ఒక కొమ్మ వంచి చూడండి. విరవకండి, ఆవిడ ఊరుకోరు. వంచి చూసి, అది తిరిగి లేస్తే, దీవెనమ్మ గారిని ఒక్కసారి తలుచుకోండి.