లాలాగూడ అంకుల్‌తో నా చదరంగం

ఆ రోజుల్లో, అంటే కరోనా కాస్త తగ్గినా మా తార్నాక చర్చి ఇంకా పూర్తిగా తెరవని రోజుల్లో, నాకు తెలియని విషయం లోకంలో లేదని నా గట్టి నమ్మకం. యూనివర్సిటీలో పీహెచ్‌డీ రెండో ఏడు. (థీసిస్ మొదటి పేజీ దాటలేదు, అది వేరే సంగతి.) చర్చి వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగులు తప్ప ఏమీ రావడం లేదని, అందరికీ ఆన్‌లైన్ చెస్ పోటీ పెట్టాను. నిర్వాహకుణ్ణి నేనే, న్యాయనిర్ణేతను నేనే, మనసులో విజేతను కూడా నేనే. యాప్ ఎలా తెరవాలో ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేసరికి గొంతు పోయింది.

సెమీఫైనల్లో లాలాగూడ అంకుల్ తగిలారు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన పెద్దమనిషి. గ్రూపులో ఫొటో పెట్టబోయి మూడుసార్లు గ్రూపులోంచే బయటికెళ్ళిపోయినాయన. అలాంటాయన పదహారు ఎత్తుల్లో నా రాజును కట్టేశారు. ఇది మనిషి ఆట కాదు, కంప్యూటర్ సాయం ఉందని తేల్చేసి, ఆయన్ని పోటీ నుంచి తొలగిస్తున్నట్టు గ్రూపులో ఇంగ్లీషులో ప్రకటించాను. (‘ఫెయిర్ ప్లే’ అన్న మాట రెండుసార్లు వాడాను.)

ఆయన కోపగించుకోలేదు. ఫోన్ చేసి, "ఒకసారి ఇంటికి రా బాబూ, బోర్డు మీద ఆడుదం" అన్నారు.

వెళ్ళాను, రుజువు పట్టుకోవడానికే. నేను బంటు జరపగానే ఆయన లోపలి గదివైపు తిరిగి, ఏది ఎక్కడికి జరిగిందో గట్టిగా చెప్పారు. లోపలినుంచి ఆంటీ జవాబు ఎత్తు చెప్పారు. తొంగిచూస్తే ఆమె నల్లకళ్ళద్దాలతో మంచం మీద పడుకుని ఉన్నారు. కంటి ఆపరేషనై వారమైందట, ఫోన్ చూడొద్దన్నారట. బోర్డు మొత్తం ఆమె తలలోనే ఉంది. కాసేపటికి నా మంత్రి పోయింది, ఇంకాసేపటికి నేను పోయాను.

"కాలేజీల ఉన్నప్పుడు ఆడేది, పెళ్ళయినంక ఆడేటోళ్ళు దొరకలె," అన్నారు అంకుల్. "నాకు గుర్రం ఎట్ల నడుస్తదో గూడ తెల్వది."

"మరి ఆంటీ పేరే ఇవ్వాల్సింది కదా" అన్నాను, మిగిలిన కాస్త న్యాయంతో.

"నలభై ఏండ్లాయె బాబూ," అన్నారు ఆంటీ లోపలినుంచి. "ఓడిపోతే గ్రూపుల అందరు నవ్వుతరని, ఆయన పేరే పెట్టుమన్న."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అక్కడే కూర్చుని, ఈసారి తెలుగులో, గ్రూపులో క్షమాపణ రాశాను. నన్ను ఓడించింది ఎవరో పేరుతో సహా రాశాను. గుడ్ మార్నింగులు కూడా ఆపి జనం ఆమెను మెచ్చుకున్నారు. అంకుల్ ఒక్కొక్కటీ చదివి వినిపిస్తుంటే ఆంటీ చాలనలేదు. ఫైనల్ ఆమెదే.

ఇప్పుడు నేనూ పాఠాలు చెప్పుకునేవాణ్ణే. ఏ మాటైనా అనేముందు రెండుసార్లు ఆలోచిస్తాను. ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే సిగ్గూ, నవ్వూ కలిసే వస్తాయి. కానీ ఒప్పుకోవాలి, అంత నిబ్బరంగా తప్పు చేసే ధైర్యం ఇప్పుడు నాకు లేదు.