పెండ్లిపత్రికలూ, అన్నిటికన్నా దగ్గరి దారీ

తొంభైల చివర్లో, గణితంలో పరిశోధనకు చేరిన ఆ కొత్తలో, నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. కొన్ని ఊళ్లు తిరిగి బయలుదేరిన చోటికే రావాలంటే అన్నిటికన్నా దగ్గరి దారి ఏది అన్నది నా పరిశోధన. (వినడానికి చిన్నపిల్లల లెక్కలా ఉంటుంది గానీ, ఊళ్లు పెరిగేకొద్దీ మహామహులకే కొరుకుడు పడదు.) సెలవులకు నంద్యాల వస్తే అమ్మను కూరగాయల బజారులో కూడా వదిలేదాన్ని కాదు. "ముందు టమోటాలు కాదమ్మా, ఆ మూల నుంచి మొదలుపెట్టు" అని ప్రాణం తీసేదాన్ని. సరిగ్గా అప్పుడే అన్న పెండ్లి కుదిరింది.

దగ్గరివాళ్లకు పత్రికలు స్వయంగా ఇచ్చి రావాలని నాయన కారు మాట్లాడాడు. ఆళ్లగడ్డలో పెదనాయన, గోస్పాడులో మేనత్త, అవుకులో మేనమామ. ముందు పెదనాయనకు ఇచ్చి ఇంటికొచ్చి, మర్నాడు తక్కినవాళ్లకు ఇద్దామన్నది నాయన ఆలోచన. అది విని నేను విలవిల్లాడిపోయాను. "రెండు దినాలెందుకు నాయనా? గోస్పాడు, అవుకు, ఆళ్లగడ్డ చుట్టుకోనొస్తే మాపటికి ఇంట్లో ఉంటాం" అన్నాను. "పెద్దోనికి కడాకా ఇచ్చేది? ఏమనుకుంటాడో పాపా" అని నసిగాడు నాయన. చదువుకుంటున్న కూతురి మాట కాదనలేకపోవడం ఆయన బలహీనత.

గోస్పాడులో అత్త ఉగ్గాని, బజ్జీలు పెట్టింది. నేను నిలబడే రెండు ముద్దలు మింగి చేయి కడిగేశాను. "ఏమ్మే, నీ ఎనక ఎవరన్నా తరుముకోనొస్తాండారా?" అంది అత్త. అవుకులో మామ చేపల పులుసు చేయిస్తాననగానే నాయన చెప్పులు విడిచి హాయిగా చాపమీద కూర్చున్నాడు. పులుసు ఉడికినంతసేపూ నేను వాకిలికీ కారుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. మేం కారెక్కగానే మామ సంబరం పట్టలేక ఆళ్లగడ్డకు ఫోన్ చేసి, "మాకు పత్రిక ముట్టిందన్నా, ఇంగ మీ తట్టే వస్తాండారు" అని చెప్పాడట.

మేం వెళ్లేసరికి పెదనాయన వరండాలో గోడకేసి తిరిగి కూర్చుని ఉన్నాడు. నాయన పత్రిక అందిస్తే చేయి చాపలేదు. "అందరికీ పంచినాంక మిగిలిందా ఇది? అవుకాయన్నే పెద్దగా నిలబెట్టుకో పోప్పా. నేనెందుకు ఆడ?" అన్నాడు. నాయన ముఖం పాలిపోయింది. తాత పోయాక నాయనను చదివించి ఇంతవాణ్ని చేసింది ఈ అన్నే. ఆయన లేని పెండ్లి నాయనకు పెండ్లే కాదు. దారి మార్పించింది నేనే గనక నేనే ముందుకొచ్చాను.

"పెదనాయనా, చుట్టుదారికి మొదలూ కడా ఉండదు" అని మొదలుపెట్టాను. (అంతకన్నా ఏమీ తోచలేదు మరి.) "ఇట్ల తిరిగినా అట్ల తిరిగినా దూరం ఒగటే. అట్లనుంచి లెక్కపెడితే నువ్వే మొదలు."

పెదనాయన మెల్లగా ఇటు తిరిగాడు. "ఒగటేనా? ఖాయమా?"

"రుజువుంది పెదనాయనా!"

ఆయన లేచి, నాయన చేతిలోంచి పత్రిక తీసుకుని కండ్లకద్దుకున్నాడు. కండువా భుజాన వేసుకుని కారు ముందు సీట్లో కూర్చున్నాడు. "మొదటిది నాకు ముట్టింది. పదండి, అట్లనుంచే తిరుగుదాం."

అవుకులో మమ్మల్ని చూసి మామ బిత్తరపోయాడు. "ఏమన్నా మర్సిపోయినారా అన్నా?" "ల్యా. పొద్దున పాప దారి కొల్సుకోనొచ్చింది. పిలుపు ఇప్పుడు" అని పెదనాయన ఆ పత్రికనే అడిగి తీసుకుని మళ్లీ ఆయన చేతికే ఇచ్చాడు. మళ్లీ విస్తళ్లు వేశారు. నేను లేవబోతే "కూకో" అన్నాడు పెదనాయన, ఒకటే మాట. కూర్చున్నాను. గోస్పాడులోనూ కూర్చున్నాను. దారి పొడుగునా అన్నదమ్ములిద్దరూ చిన్నప్పటి ముచ్చట్లు చెప్పుకుని పగలబడి నవ్వుతుంటే, వెనక సీట్లో నేను ఇంకా ఎంత దూరమని గొణుగుతూనే ఉన్నాను.

పెండ్లిలో పెదనాయన పందిరంతా తానే అయి తిరిగాడు. నా పరిశోధనా ఎలాగో పూర్తయింది. ఇప్పుడు పాఠాలు చెబుతున్నాను. మా నాయన అంతగా నవ్వడం నేను మళ్లీ వినలేదు. విన్నరోజేమో ఇల్లెప్పుడొస్తుందా అని కిటికీలోంచి మైలురాళ్లు చూస్తున్నాను. కిటికీ పక్కన కూర్చున్న ఆనాటి ఆ పిల్ల ఇప్పుడు ఎదురుపడితే ఏమీ అడగను. చేయి పట్టుకుని పీట వేసి, కడుపునిండా ఇంత అన్నం పెడతాను. కుదురుగా కూర్చుంటుందన్న నమ్మకం మాత్రం లేదు.