రెండు జెండాలు, రెండు అంకెలు: గ్వెల్ఫ్ నుంచి విండ్సర్ దాకా

ఇక్కడ కెనడాలో, మా గ్వెల్ఫ్ నుంచి సరిహద్దు ఊరు విండ్సర్‌కి చాలామంది నది అవతలి డెట్రాయిట్‌ని చూడ్డానికి వెళ్తారు. నేను క్షమాపణ చెప్పడానికి వెళ్ళాను. రిటైరయ్యాక రోజూ పొద్దున్నే గులాబీ బొమ్మతో గుడ్ మార్నింగ్ పంపడం నా అలవాటు. మా తెలుగు సంఘం గ్రూపుకీ, ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ ఒకే నొక్కుడుతో వెళ్ళిపోతుంది. గాజా యుద్ధం మొదలయ్యాక గులాబీ కింద ఒక తెలుగు చానెల్ వేసే పట్టిక కూడా పెట్టేవాణ్ణి. రెండు జెండాలు, వాటి కింద ఆరోజు చనిపోయినవాళ్ళ అంకెలు, పైన ‘నేటి స్కోరు’ అని చానెల్ వాళ్ళే వేసిన శీర్షిక. నాతో పదకొండేళ్ళు కారు విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేసిన యూసుఫ్ కూడా ఆ నంబర్లలో ఉన్నాడు. గాజాలో పుట్టినవాడు, ఇప్పుడు విండ్సర్‌లో రొట్టెల దుకాణం నడుపుతున్నాడు. తెలుగు రాకపోయినా జెండాలూ అంకెలూ ఎవరికైనా అర్థమవుతాయి. “ఈ అంకెలో మా తమ్ముడి కూతురు ఉంది” అని ఒక్క వాక్యం రాసి, నా ఫోన్ ఎత్తడం మానేశాడు.

“ఫోన్ ఎత్తకపోతే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళండి. తప్పు చేసింది మీరే కదండీ,” అంది మా ఆవిడ.

శనివారం ఉదయం ఆరున్నరకి బయల్దేరాను. 401 హైవే మీద, మధ్యలో ఒక కాఫీతో కలిపి మూడు గంటల పైచిలుకు ప్రయాణం. పెట్రోలు రానూపోనూ అరవై డాలర్లు దాటుతుంది. బస్సుల్నీ రైళ్ళనీ నమ్ముకుంటే రోజంతా పోతుంది. చాతమ్ దగ్గర గాలిమరలు తప్ప చూసేదేం లేదు కనక రేడియో పెట్టాను. ఇక్కడి వార్తల్లో ఒకవైపు పోయినవాళ్ళకి పేరూ వయసూ తల్లి కన్నీళ్ళూ ఉంటాయి, ఇంకోవైపు వాళ్ళకి అధికారులు చెప్పిన సంఖ్య ఉంటుంది. స్టేషన్ మారిస్తే వైపులు తారుమారవుతాయి, అంతే. మన తెలుగు చానెళ్ళకి ఆ మాత్రం మొహమాటం కూడా లేదు. సైరన్ మోత, ఎర్ర బాణాలు, మూడో ప్రపంచ యుద్ధమేనా అని ఒక ప్రశ్న, మధ్యలో బంగారు నగల ప్రకటన. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నేను విని ఊరుకోలేదు, ఊరంతా పంచిపెట్టాను. అందుకే వాళ్ళమీద కంటే నామీదే నాకు ఎక్కువ కోపం.

వయాండాట్ వీధిలో దుకాణం చేరేసరికి పది. యూసుఫ్ పొయ్యి దగ్గర ఉన్నాడు. నన్ను చూసి, నువ్వులూ ఎండు ఆకుల పొడీ చల్లిన వేడి రొట్టె తెచ్చి ముందు పెట్టాడు.

“తప్పయిపోయింది యూసుఫ్. ఆలోచించకుండా పంపేశాను,” అన్నాను.

“పాపకి తొమ్మిదేళ్ళు. పేరు లయాన్,” అన్నాడు ఇంగ్లిష్‌లో, మెల్లగా. “ఏ చానెలూ ఆ పేరు చెప్పలేదు. మా పళ్ళ డాక్టరమ్మ యూదురాలు. ఆవిడ మేనల్లుణ్ణి గాజా సరిహద్దు అవతల, యుద్ధానికి ముందు జరిగిన మొదటి దాడిలోనే చంపేశారు. ఆ అబ్బాయి పరిగెత్తే వీడియోని వారాల తరబడి తిప్పి తిప్పి చూపించారు. ఆవిడా టీవీ కట్టేసింది, నేనూ కట్టేశాను.”

“నన్నేం చెయ్యమంటావు?”

“నాకు చెప్పావు, సరే. ఆ అంకెని ఎంతమందికి పంపావో వాళ్ళకి చెప్పు.”

కారులో కూర్చుని అందరికీ రాశాను. లయాన్ పేరు, వయసు, నేను పంపిన అంకెల్లో ఆ పాప ఉందన్న సంగతి, క్షమించమన్న మాట. రెండు నిమిషాల్లో మా గ్రూపు నడిపే కుర్రాడి నుంచి జవాబొచ్చింది. “అంకుల్, ఇలాంటివి గ్రూప్‌లో పోస్ట్ చెయ్యకండి ప్లీజ్. అందరి మూడ్ అప్‌సెట్ అవుతుంది. డిలీట్ చేసేశా.”

నెలల తరబడి శవాల లెక్క పంపితే ఒక్కరూ వద్దనలేదు. పైగా బొటనవేళ్ళు చూపించి మెచ్చుకున్నారు. ఒక పిల్ల పేరు చెప్పేసరికి మూడ్ పోయింది. చానెళ్ళకి ఈ రుచి మరిగించింది మనమో, మనకి మరిగించింది వాళ్ళో నాకు తెలీదు.

ఆ వీధికి వెళ్ళేవాళ్ళకి ఒక సూచన. పదకొండు దాటితే పార్కింగ్ దొరకదు, పదింటికల్లా చేరి రెండు గంటలకి సరిపడా డబ్బు కట్టండి. నేనూ అంతే కట్టాను, ఇంకా గంట మిగిలింది. పాప పేరు డిలీట్ చేశారని యూసుఫ్‌కి చెప్పడానికి మళ్ళీ లోపలికి వెళ్ళే ధైర్యం మాత్రం చాలలేదు.